చదివినవన్నీ హాల్లకు పోంగనే మాయమైతున్నయి – సెమిస్టర్ పరీక్షల భయం

ఉదయసముద్రం (నల్గొండ)
అందరికీ నమస్తే. నాది బీఎస్సీ మూడో సంవత్సరం, ఎంపీసీ. ఇంకో మూడు వారాల్ల ఐదో సెమిస్టర్ పరీక్షలు. రోజూ ఊరి నుంచి బస్సుల నల్గొండకు వచ్చి పోత. చదువుతలేనని కాదు, ఇంటర్నల్స్ మంచిగనే రాస్త. సెమిస్టర్ పేపర్ చేతికి రాంగనే కథ మారుతది. చేతులు సల్లగయితయి, వేళ్లు తిమ్మిర్లు పడతయి, గుండె దడదడ కొట్టుకుంటది. మొదటి ప్రశ్న ఎన్నిసార్లు చదివినా ఏం అడిగిండ్రో తలకెక్కదు. పోయిన సెమిస్టర్ల ఫిజిక్స్ పేపర్ సగం రాసి లేచి వచ్చిన. బయట మెట్ల మీద కూసున్నంక జవాబులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినయి. ఇంట్ల చెప్తే "అందరికీ అయితది, దేవునికి దండం పెట్టుకొని పో" అంటరు. దండం పెట్టుకునే పోయిన. ఎవరికన్న ఇట్లయి తగ్గిందా? ఏం చేసిండ్రు?

పాలమూరు పోరడు
లైట్ తీస్కో చెల్లె. ఫెయిలైతే సప్లీ ఉంది, సప్లీ పోతే మళ్ల సప్లీ ఉంది. నేను ఆ రూట్లనే వస్తున్న. పరీక్షకు ముందు ఒక స్ట్రాంగ్ చాయ్ కొట్టు, ధైర్యం అదే వస్తది.

ఉదయసముద్రం
అన్నా, లైట్ తీస్కునుడు చేతనైతే ఇక్కడ రాయకపోతుంటి.

సుద్దముక్క
మహబూబ్‌నగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. వాల్యుయేషన్‌కు పోయే మనిషిని కనుక దిద్దేవాళ్ల వైపు నుంచి చెప్తా. గాబరా పడ్డ పిల్లల బుక్‌లెట్ చూడగానే తెలిసిపోతుంది. మొదటి రెండు పేజీల్లో కొట్టివేతలు. ఒక జవాబు మొదలుపెట్టి వదిలేసి ఇంకోటి ఎత్తుకుంటారు. చివరి అరగంటలో మాత్రం అక్షరం వంకర్లు పోతూనే మూడు ప్రశ్నలు గబగబా రాస్తారు, అవి చాలాసార్లు బాగానే ఉంటాయి. అంటే చదువు తలలో ఉంది, బయటికి రావడానికి రెండు గంటలు పట్టింది.

అమ్మా, ఒకటి అడుగుతా. నువ్వు ఎట్లా చదువుతావు? పుస్తకం తెరిచి పెట్టుకొనా, మూసేసి రాస్తూనా?

ఉదయసముద్రం
చూసే చదువుత సార్. ముఖ్యమైన లైన్లకు రంగు పెన్నుతోని గీత కొడత. ముందురోజు మొత్తం మళ్లా తిరగేస్త. రాయాలంటే టైం ఉండదు, బస్సులకే రెండు గంటలు పోతయి.

సుద్దముక్క
అక్కడే ఉంది చిక్కు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపుకు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదవమన్నారు. ఇంకో గుంపుకు ఒక్క విడత చదవనిచ్చి, తర్వాత మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాలకే పరీక్ష పెడితే చదివిన గుంపే ముందుంది. వారం ఆగి పెడితే తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు సుమారు 40 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది.

ఆ 5 నిమిషాల ఫలితమే మన పిల్లల్ని ముంచుతుంది. రంగు గీతల పేజీ చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం లేకుండా మనసులోంచి తీయడం అనే పనిని మొట్టమొదటిసారి పరీక్ష హాల్లోనే చేస్తారు. ఈత గురించి చదివి నేరుగా మోటబావిలో దుంకినట్టు. భయం వేయక ఏమవుతుంది?

బస్సులో పుస్తకం తెరవకు. నిన్న చదివిన చాప్టర్‌ను కిటికీలోంచి చూస్తూ లోలోపల చెప్పుకో. ఆగిపోయిన చోటు గుర్తు పెట్టుకొని దిగినాక అది ఒక్కటే చూడు. ఆదివారం పొద్దున పాత పేపర్ ఒకటి తీసి, ఫోన్ అవతల పారేసి, మూడు గంటలు కూర్చొని చేత్తో రాయి. అదీ పరీక్ష జరిగే టైముకే.

ఓపీ చీటీ
నేను సైకియాట్రీ విభాగంలో పనిచేస్తాను. సుద్దముక్క గారు చెప్పింది ముప్పాతిక నిజం. మిగతా పావు సంగతి: బాగా సాధన చేసినవాళ్లలో కూడా కొందరికి హాల్లో అడుగు పెట్టగానే ఇట్లా అవుతుంది. వాళ్లతో "ఇంకా చదువు, ఇంకా రాయి" అంటే భయం పెరుగుతుందే కానీ తగ్గదు.

పరీక్ష భయంలో రెండు పాయలు ఉంటాయని 1967లోనే లీబర్ట్, మోరిస్ అనే పరిశోధకులు విడదీసి చూపించారు. ఒకటి శరీరానిది: దడ, చెమట, వణుకు, కడుపులో తిప్పడం. రెండోది ఆలోచనది: "ఫెయిలైతే ఎట్లా, నాన్నకు ఏం చెప్పాలి, పక్కమ్మాయి అప్పుడే అడిషనల్ షీట్ తీసుకుంది". మార్కులు ఎక్కువగా తినేది ఈ రెండోదే. లెక్క చేస్తున్నప్పుడు అంకెలు పట్టుకోవడానికి మెదడులో ఉండే చోటు చాలా తక్కువ. ఆ కాస్త చోటులో ఈ బాధలు వచ్చి కూర్చుంటే ఫార్ములాకు జాగా ఉండదు. మెట్ల మీద కూర్చోగానే గుర్తొచ్చాయన్నావు కదా, ఆ బాధ లేచిపోయి జాగా ఖాళీ అయింది కాబట్టి వచ్చాయి. నీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు.

ఇక చేతులు చల్లబడటం. అడ్రినలిన్ వస్తే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే చల్లన. తిమ్మిర్లు వేరే సంగతి. గాబరాలో తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, వేళ్లు జివ్వుమంటాయి, తల తిరిగినట్టు అవుతుంది. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ ఇచ్చే సలహా ఇక్కడ పనిచేయదు. పీల్చడం మామూలుగానే ఉంచి, వదలడం పొడుగు చెయ్యి. మనసులో నాలుగు లెక్కపెడుతూ తీసుకొని, ఆరు లెక్కపెడుతూ వదలాలి. రెండు మూడు నిమిషాలు చాలు. కానీ దీన్ని పరీక్ష రోజే మొదలుపెడితే దొరకదు, ఇయ్యాల్టి నుంచే బస్సులో అలవాటు చేసుకో.

పాలమూరు పోరడు
మా హాస్టల్ల కొందరు పరీక్షకు ముందు ఒక గోలీ ఏసుకుంటరు. దడ మొత్తం ఆగిపోతదట. మెడికల్ షాపుల అడిగితే చీటీ లేకున్న ఇస్తున్నరు. పేరు రాయాల్నా?

గడియారం సెంటర్ (నిర్వాహకుడు)
వద్దు. ఇక్కడ ఎవరూ మందుల డోసులు రాయొద్దు.

ఓపీ చీటీ
డోసు రాయను, ప్రమాదం రాస్తాను. ఆ గోలీ ఎక్కువగా ప్రొప్రనొలాల్ అయి ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గిస్తుంది, నిజమే. ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకుంటే శ్వాసనాళాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. బీపీ తక్కువ ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. రెండో రకం ఆల్ప్రజోలం. అది మత్తు తెస్తుంది, కొత్తగా చదివింది గుర్తుండనివ్వదు, అలవాటు పడుతుంది. జ్ఞాపకం కోసం పరీక్షకు పోతూ జ్ఞాపకాన్ని మొద్దుబార్చే మందు వేసుకుంటారా? మందు అవసరమయ్యేవాళ్లు ఉన్నారు, వాళ్లకు డాక్టర్ చూసి రాస్తారు.

పాలమూరు తమ్ముడూ, నీ చాయ్ గురించి కూడా. రోజూ తాగే ఒక కప్పు తాగితే ఏం కాదు. కొత్తగా మూడు కప్పులు కొడితే కెఫీన్ కూడా దడే పుట్టిస్తుంది, మనిషి దాన్ని భయం అనుకుంటాడు. ఒంట్లోకి పోయిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి తాగితే నిద్ర పాయె.

ఇంకొకటి. అమ్మాయిలకు మెట్లెక్కితే కూడా దడ, ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఆ దడను పరీక్ష భయం ఖాతాలో వేస్తే అసలు సంగతి దాగిపోతుంది.

డిండి వాగు
నేను పాలమూరు యూనివర్సిటీల పీజీ చేస్తున్న. ఒక మాట ఎవ్వరు అంటలేరు, నేనంట. మనోళ్లల్ల సగం మంది భయం సబ్జెక్టుది కాదు, ఇంగ్లిష్‌ది. ఇంటర్ దాక తెలుగు మీడియం, డిగ్రీల ఒక్కసారి ఇంగ్లిష్ మీడియం. ప్రశ్న అర్థం కాక ముందు దడ పుడతది, దడ పుట్టినంక తెలిసిన మాట కూడ అర్థం గాదు. "ఎలూసిడేట్" అని ఇస్తడు, వివరించు అని తెలియక మంచిగొచ్చిన ప్రశ్నను ఇడిసిపెట్టినోళ్లు నా క్లాసులనే ఉండిరి.

నేను చేసిన పని ఇది. పాత పేపర్లల్ల ప్రశ్నలు అడిగే క్రియలన్ని ఒక కాగితం మీద రాసుకున్న. ఎక్స్‌ప్లెయిన్, డిరైవ్, డిస్టింగ్విష్, ఎవాల్యుయేట్, అన్ని కలిపి ఇరవై ముప్పై దాటవు. తిప్పి తిప్పి అవ్వే వస్తయి. వాటికి తెలుగుల ఏం జేయమంటుండో పక్కన రాసుకున్న. డిక్షనరీ మొత్తం అక్కర్లేదు.

ఇంకొకటి తెలుసా? ఇంగ్లిష్ మీడియం కోర్సయినా పరీక్ష స్థానిక భాషల రాయనియ్యాలె అని 2023 ఏప్రిల్‌ల యూజీసీ (యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ) అన్ని యూనివర్సిటీలకు లెటర్ రాసింది. అప్పటి చైర్మన్ జగదీశ్ కుమార్ గారు మన ఉమ్మడి నల్గొండ మనిషే. అయితే అది యూజీసీ చెప్పిన మాట, అమలు ఎవరి యూనివర్సిటీ వాళ్లది. మీ పరీక్షల విభాగంల అడిగి, ఔనంటేనే తెలుగుల రాయి. ఎవరో వాట్సాప్‌ల చెప్పిండ్రని రాయకు.

సుద్దముక్క
మంచి మాట. సైన్సులో ఇంకో ఉపాయం కూడా ఉంది. వాక్యం రాకపోతే బొమ్మ వెయ్యి, సమీకరణం రాయి, మెట్లు చూపించు. గ్రామర్‌కు మార్కులు కోసేవాళ్లం కాదు మేము.

నల్లరేగడి
నమస్తే. నేను సదువుకున్నోన్ని గాదు, మా పిల్లగాడు టైపు చేస్తుండు. మా బిడ్డ డిగ్రీ సదువుతది. పరీక్షలు ఎప్పుడు సూసినా పత్తి ఏరే టైముకే వస్తయి. కూలోళ్లు దొరకరు. పొద్దుగాల రెండు సాళ్లు ఏరి కాలేజీకి పోతది. వారం సంది అన్నం సరిగ తింటలేదు, రాత్రి లేసి కూసుంటది. నేను "నీ మీదనే ఆశ పెట్టుకున్నం బిడ్డా, మంచిగ రాయి" అని ధైర్యం చెప్తున్న. అయినా ఏడుస్తది. ఇంట్లోళ్లు ఏం జెయ్యాలె?

వలస బిడ్డ (నారాయణపేట)
బాపూ, తప్పుగ అనుకోకు. ఆ ఒక్క మాట బంద్ చెయ్యి. "నీ మీదనే ఆశ" అన్నది నీకు ధైర్యం, ఆ పిల్లకు బరువు.

మా అమ్మనాయిన పుణెల బిల్డింగుల కాడ పనిచేసిండ్రు. పాలమూరు లేబర్ అంటే దేశమంత ఎరికే గద. నన్ను మా అవ్వ కాడ ఇడిసిపోయిండ్రు. పరీక్షలప్పుడు ఫోన్ చేసి "మట్టి మోసి సదివిస్తున్నం, పేరు నిలబెట్టు" అంటుండిరి. నేను పేపర్ల ప్రశ్న సూస్తుంటే నాకు ప్రశ్న కనబడకపోయేది, మా అమ్మ తలమీది తట్ట కనబడేది. ఒక మార్కు పోతే ఒక తట్ట వృథా అయినట్టు లెక్క కట్టుకునేటోన్ని. వాళ్లది ప్రేమనే, కాదంటలేను. గని ఆ లెక్కతోని ఎవరు రాస్తరు పరీక్ష? తర్వాత ఒకసారి మా నాయిన ఏ సోయిల ఉన్నడో గని, "పాసైతే పాసైతవ్, లేకుంటే మళ్ల రాస్తవ్, నువ్వు తిన్నవా" అని అడిగిండు. ఆ సెమిస్టర్ నేను రాసినంత మంచిగ ఎన్నడు రాయలే.

పరీక్షలయ్యేదాక పత్తికి ఆ పిల్లను పిలవకు. కూలి ఎక్కువైనా సరే. నోటితోని చెప్పే ధైర్యం కన్న అది పెద్దది.

నల్లరేగడి
సరే బిడ్డా. పరీక్ష దినాలు నేను, మా ఇంటామె ఏరుకుంటం. మరి ఏమని మాట్లాడాలె?

ఓపీ చీటీ
"భయపడకు" అనొద్దు. భయపడకూడదనుకోవడం ఇంకో పని అవుతుంది ఆమెకు. "దడగా ఉందా, ఏది కష్టంగా ఉంది" అని అడిగి, ఆమె చెప్పింది వినండి. పరీక్ష రాసి వచ్చినాక "ఎట్లా రాసినవ్, ఎన్ని వస్తయి" అని గడపలోనే అడగొద్దు. ముందు అన్నం పెట్టండి.

వారం నుంచి తిండి, నిద్ర రెండూ లేవంటున్నారు. ఇది రెండు వారాలు దాటితే, లేదా ఊరికే ఏడుస్తుంటే, పుస్తకం ముట్టలేకపోతుంటే, నల్గొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపోండి. మీ దగ్గరి పీహెచ్‌సీలో అడిగినా ఎక్కడికి పోవాలో చెప్తారు. దాన్ని పిచ్చి దవాఖాన అనుకొని సిగ్గుపడే కాలం పోయింది.

గడియారం సెంటర్ (నిర్వాహకుడు)
ఈ నంబర్ అందరూ ఫోన్లో పెట్టుకోండి: 14416. టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు ఫోన్ సాయం. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పరీక్ష ముందురోజు రాత్రి 2 గంటలకు నిద్రపట్టక చేసినా తప్పులేదు.

"నేనుండి ఏం లాభం", "ఫెయిలైతే బతకను" లాంటి మాట మీ రూమ్మేట్ నోట వస్తే, నవ్వి వదిలేయకండి, ఒంటరిగా ఉంచకండి. చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడక్కర్లేదు, మాట్లాడే దారి దొరుకుతుంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లో, రూముల్లో అందుబాటులో ఉంచకండి. వెంటనే 14416, ప్రమాదం దగ్గరపడితే 108 లేదా 112. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి ఉన్నా, ఆ ఒట్టు తప్పండి.

డిండి వాగు
కాలేజీల్లనే కౌన్సెలర్ ఉండాలె గద? 100 మంది, అంతకన్న ఎక్కువ పిల్లలున్న విద్యాసంస్థల్ల ఒక్క కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని 2025 జులైల సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంల నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసుల వచ్చిన తీర్పు అది. మా కాలేజీల ఆఫీసుకు పోయి కౌన్సెలర్ ఎవరని అడిగితే "అడ్మిషన్ కౌన్సెలింగా? అయిపోయింది" అన్నడు క్లర్కు.

పాలమూరు పోరడు
😂 మా దాంట్ల అడిగితే ఫీజు బకాయి గుర్తుకొస్తదేమోనని నేను ఆఫీసు దిక్కే పోత లేను.

సుద్దముక్క
నవ్వులాటకు అన్నా అది కూడా పెద్ద కారణమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, హాల్ టికెట్ ఇస్తారో లేదో, అటెండెన్స్ 75 శాతం ఉందో లేదో, ఇన్ని తలలో పెట్టుకొని పిల్లలు చదవాలి. వీటిని చివరి వారానికి తోయకండి. ఇప్పుడే ఆఫీసుకు పోయి ఒక్కసారి తేల్చుకోండి. అందరూ కలిసి పోండి, ఒక్కరే పోతే తిప్పుతారు.

ఉదయసముద్రం
అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని మాటలు నాకు ఎవరు చెప్పలేదు. ఇంకొక్కటి అడుగుత. అన్ని చేసినా హాల్ల ఆ దడ మళ్లా వస్తే? ఆ మొదటి పది నిమిషాలు ఏం చెయ్యాలె?

ఓపీ చీటీ
వస్తుంది. అది రాకుండా ఆపడం మన పని కాదు. 1908లో యెర్కెస్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి ఇప్పటిదాకా తేలింది ఏమంటే, బొత్తిగా ఉద్వేగం లేకపోయినా పని సాగదు, మరీ ఎక్కువైనా సాగదు. కొంచెం దడ నీ పక్షమే. "భయమేస్తుంది" అనుకోకుండా "హుషారుగా ఉంది" అని చెప్పుకున్నవాళ్లు మెరుగ్గా రాసినట్టు 2014లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. వినడానికి వెర్రిగా ఉంటుంది, చేసి చూడు.

హాల్లోకి పోకముందు ఇంకోటి చేయొచ్చు. ఒక పది నిమిషాలు తెల్లకాగితం మీద నీ భయాలన్నీ ఉన్నవున్నట్టు రాసి చింపేయడం. 2011లో రమీరెజ్, బైలాక్ చేసిన ప్రయోగాల్లో బాగా భయపడే పిల్లలకే ఇది ఎక్కువ పనికొచ్చింది. అందరికీ పడుతుందని చెప్పను. ఆ కాగితం మాత్రం జేబులో పెట్టుకొని లోపలికి పోకు, స్క్వాడ్ వస్తే చిట్టీ అనుకుంటారు.

సుద్దముక్క
హాల్లో పని నేను చెప్తా. ముందు హాల్ టికెట్ నంబర్, పేపర్ కోడ్ వెయ్యి. చెయ్యి వణికి తప్పు పడితే దిద్దకు, ఇన్విజిలేటర్‌ను పిలువు, ఏం చేయాలో వాళ్లకు తెలుసు. బుక్‌లెట్ చివరి పేజీలో "రఫ్ వర్క్" అని రాసి, మరిచిపోతానని భయమున్న ఫార్ములాలన్నీ అక్కడ గీసెయ్యి. ప్రశ్నపత్రం మీద ఏమీ రాయకు, అది మాల్‌ప్రాక్టీస్ కిందికి పోతుంది. తర్వాత పేపర్ మొత్తం చదవాలన్న నియమం అందరూ చెప్తారు, నేను చెప్పను. గాబరా పడేవాళ్లకు రానివన్నీ ఒకేసారి కనబడతాయి. షార్ట్ ప్రశ్నల్లో వచ్చింది ఒక్కటి వెతికి, అది రాయడం మొదలుపెట్టు. పెన్ను కదిలితే తల కదులుతుంది.

ఓపీ చీటీ
ఇందులో నేను సుద్దముక్క గారితో కలుస్తా. ఒక్క సవరణ. బిగుసుకుపోతే లేచి బయటికి రావొద్దు. గాబరా సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే పైకెక్కి తర్వాత దానంతట అదే దిగుతుంది. ఎక్కినప్పుడే లేచి వస్తే, బయట పడితేనే బతికానని ఒంటికి పాఠం అవుతుంది, తర్వాతి పేపర్‌కు ఇంకా తొందరగా వస్తుంది. నీళ్లు అడుగు, పాదాలు నేల మీద ఆనించు, వదిలే ఊపిరి పొడుగు చెయ్యి, కూర్చునే ఉండు.

వలస బిడ్డ (నారాయణపేట)
పేపర్ అయినంక గేటు కాడ గుంపుల నిలబడి "ఐదోదానికి ఏం రాసినవ్" అనేటోళ్ల దగ్గర ఆగకు. సీదా బస్టాండుకు పో. ఆ ముచ్చట తోని తర్వాతి పేపర్ కూడ పోతది.

పాలమూరు పోరడు
నాకు ఒక డౌట్. సీరియస్‌గనే అడుగుతున్న. మూడో సెమ్ మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉంది. ఐదో సెమ్‌తోని కలిపి రాయాలె. ఏది ముందు చదవాలె?

సుద్దముక్క
ఇప్పుడు దారికొచ్చావు. టైం టేబుల్ రాగానే రెండింటి తేదీలు పక్కపక్కన రాసుకో. బ్యాక్‌లాగ్‌లో పాసుకు సరిపడే యూనిట్లు రెండు ఎంచుకొని వాటిని మూసి రాయడం దాకా తెచ్చుకో. మిగతా టైం ఐదో సెమ్‌కు. ఫీజు కట్టే గడువు మాత్రం విడిగా ఉంటుంది, అది దాటకు.

ఉదయసముద్రం
ఎవరి దగ్గరన్న ఎంజీయూ (మహాత్మాగాంధీ యూనివర్సిటీ) ఐదో సెమ్ ఫిజిక్స్ పాత పేపర్లు ఉన్నయా? ఈ ఆదివారమే ఒకటి కూసోని రాద్దామనుకుంటున్న.

డిండి వాగు
నల్గొండల ఎన్‌జీ కాలేజీ దిక్కు జిరాక్స్ షాపుల్ల అడిగి సూడు. లేకుంటే మీ సీనియర్లను అడుగు, ఒక్కరి దగ్గరన్న ఉంటయి. దొరికితే నాక్కూడ ఫొటో పెట్టు, మా తమ్మునికి కావాలె.